తెలిసే వంతెన మీద ఆగాడు

పోయిన ఆదివారం పొద్దుగూకే వేళకు రేవులయ్య చనిపోయాడు. శత్రువుల గుర్రాలు తరుముకొస్తుంటే తోటివాళ్ళిద్దర్నీ ముందు దాటించి, తానొక్కడే ఉట్టి వంతెన నడిమధ్య ఆగి, తాళ్ళు తెగి లోయలో పడిపోయాడు. హనుమకొండ చౌరస్తా దగ్గర వీరభద్రం స్టీలు సామాన్ల దుకాణం ఉంది. దాని పై గదిలో అట్టపెట్టెల మధ్య జంపఖానా పరుచుకుని నలుగురు ఆడుతున్న ఆటలో జరిగిన చావు అది. ఆట అని అందరికీ తెలుసు. అయినా శ్రీలత కళ్ళజోడు తీసి చున్నీతో కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడూ వేళాకోళమాడే వంశీ ముందున్న పళ్ళెం పక్కకు నెట్టేశాడు. రేవులయ్య పాత్ర ఆడిన మల్లికార్జున్ మాత్రం చిన్నగా నవ్వి, "మంచి చావు దొరికింది ముసలోనికి" అని సంచి భుజాన వేసుకుని డోర్నకల్ రైలుకు వెళ్ళిపోయాడు.

ఆ ఆటను నడిపేది వీరభద్రం కూతురు లావణ్య. వారమంతా ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. ఆదివారం మాత్రం ఏడుకోనల దేశానికి బ్రహ్మ. ఆ దేశం ఏ పటంలోనూ లేదు. ఆమే ఊహించింది. అక్కడి కొండలు, సంతలు, దొంగలు, దొరలు అన్నీ ఆమె చెబుతుంది. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్రై తామేం చేస్తారో చెబుతారు. తమ్ముడు వంశీ జారుడు జంగన్న అనే దొంగ. నర్సంపేట జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాలు శ్రీలత పసరు వైద్యురాలు. డోర్నకల్‌లో రైల్వే సిగ్నళ్ళు బాగుచేసే మల్లికార్జున్ పడవ నడిపే రేవులయ్య. అనుకున్నది జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది.

మొదట్లో ఆ దేశం సంగతులన్నీ ఎక్కడపడితే అక్కడ రాసుకునేది లావణ్య. గిన్నెల కేటలాగు వెనక కొంత, తనకు తానే పంపుకున్న వాట్సాప్ మెసేజీల్లో కొంత. దాంతో ఒకే రాజుకు ఒక వారం ఒక తల్లి, ఇంకో వారం ఇంకో తల్లి తయారయ్యేవాళ్ళు. వంశీ పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వు భరించలేక ఆమె సొంతంగా ఒక సాఫ్ట్‌వేర్ రాసుకుంది. దాని పేరు అల్లిక. అందులో ప్రతి ఊరికీ, ప్రతి మనిషికీ ఒక పేజీ. ఒక పేజీలో ఇంకో ఊరి పేరు రాస్తే చాలు, అల్లిక ఆ రెండింటికీ దారం కడుతుంది. దారం మీద వేలు పెడితే ఆ ఊరికి వెళ్ళిపోవచ్చు. ఆటగాళ్ళకు ముందే తెలియకూడనివి తాళం పేజీల్లో ఉంటాయి. వాటిని కథ నడిపే మనిషి తప్ప ఎవరూ చూడలేరు.

చూడలేరనే ఆమె అనుకుంది, మంగళవారం దాకా.

దసరాకు అల్లికను అందరికీ తెరవాలని ఆమె ఆలోచన. అప్పటికే కరీంనగర్, ఖమ్మం, సిద్దిపేటల్లో ఇలాంటి ఆటలాడే కొన్ని బృందాలు అడిగి తీసుకుని వాడుతున్నాయి. తెరిచేముందు అంతా సరిగా ఉందో లేదో చూసుకుంటూ మంగళవారం నాడు 'ఆటగాడి కళ్ళతో' అన్న మీట నొక్కింది. వంశీ పేరు పెట్టి చూసింది. తాళాలు పడే ఉన్నాయి. శ్రీలత పేరుతో చూసింది. బాగానే ఉంది. మల్లికార్జున్ పేరుతో చూసింది. తాళం పేజీలు సగానికి పైగా బార్లా తెరుచుకుని ఉన్నాయి. ఉట్టి వంతెన పేజీ అన్నిటికన్నా పైన ఉంది.

బుధవారం కల్లా ఆ తప్పును వెతికి పట్టుకుని, అన్ని బృందాలకూ కలిపి సరిచేసింది. కానీ ఎవరికీ చెప్పలేదు. మల్లికార్జున్‌కు ఫోన్ చేసి, "ఆదివారం జర ముందుగాల రా, పని ఉంది" అని మాత్రం అంది.

తలుపులు తెరిచి ఉన్నాయని తెలిసింది గానీ, అతను లోపలికి వెళ్ళాడో లేదో తెలియదు. వెళ్ళి ఉంటే వంతెన తెగుతుందని అతనికి తెలుసు. తెలిసినవాడు దాని మీద ఎందుకు ఆగుతాడు? ఆగాడంటే చూడలేదన్నమాటే. అలా అనుకుని కాసేపు నిమ్మళంగా ఉండేది. అంతలోనే అతను పోయిన వారం నవ్విన నవ్వు గుర్తొచ్చేది. నాలుగు రోజులు ఆమెకు అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున్నే ప్యాసింజర్ దిగి మల్లికార్జున్ వచ్చాడు. చేతిలో కవరు నిండా సీతాఫలాలు. కింద గల్లాపెట్టె దగ్గరున్న వీరభద్రానికి దండం పెట్టి, రెండు కాయలు ఆయన ముందు పెట్టి, మెట్లెక్కి పైకి వచ్చాడు.

"ఏంది లావణ్యా, ఇంత జల్ది రమ్మన్నవ్? నాకు కొత్త మనిషిని తయారు చెయ్యాల్నా? ఈసారి జర వయసులో ఉన్నోన్ని పెట్టు. ముసలోని మోకాళ్ళ నొప్పులు ఆడి ఆడి నాకే వచ్చినయి."

"కూసో" అంది లావణ్య.

అతను కూర్చున్నాడు. ఆమె లాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది. మంగళవారం నాడు తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్ అది. పైన మల్లికార్జున్ పేరు. కింద వరసగా తెరుచుకున్న తాళం పేజీలు.

అతని మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. లాప్‌టాప్ మీద చెయ్యి కూడా పెట్టలేదు. సీతాఫలాల కవరు పక్కన పెట్టి, "నీకెప్పుడు ఎర్కయ్యింది?" అన్నాడు.

ఆ ప్రశ్నతోనే ఆమెకు జవాబు దొరికింది.

"అది నేనడగాలె. నీకెప్పుడు ఎర్కయ్యింది?"

"వానలు పడ్డంక. మా యార్డుల నీళ్ళు నిలిచినయ్ సూడు, గప్పుడు. సిగ్నళ్ళ రిలే రూముల కూసొని అన్నం తిన్నంక రేవులయ్య చిన్నతనం రాస్తాన. ఆయన తండ్రి ఉట్టి వంతెన కింద పడవ కట్టేటోడని రాసిన. రాయంగనే దారం పడ్డది. ఒత్తితే పేజీ తెరుచుకున్నది. ముందు నాకు అర్థం కాలే. నువ్వే అందరి కోసం పెట్టినవేమో అనుకున్న. సగం చదివినంక సమజైంది, ఇది నేను చూడొద్దని."

తప్పు ఎక్కడుందో బుధవారమే లావణ్యకు తెలిసింది. ఆటగాడు తన పేజీలో రాసుకున్న పేరు తాళం పేజీకి తగిలితే, దారంతో పాటు తాళం కూడా ఊడివస్తోంది. వంశీ ఒక్క ముక్కా రాసుకోడు. శ్రీలత మందు ఆకుల పేర్లు రాసుకుని ఊరుకుంటుంది. ఏడుకోనల దేశం గురించి పేజీలకు పేజీలు రాసింది ఒక్క మల్లికార్జునే. ఎన్ని పేర్లు రాశాడో అన్ని తాళాలు ఊడాయి.

"సమజైనంక బంద్ చేసినవా?"

అతను తల దించుకున్నాడు. "చెయ్యలే. చదివిన. అన్నీ చదివిన."

"నాకు చెప్పలే."

"చెప్పలే."

లావణ్య లేచి నిలబడింది. గొంతు పెంచకూడదనుకుంది గానీ పెరిగింది. "శ్రీలత ఏడ్చింది తెలుసా? మా తమ్ముడు ఆ రోజు బువ్వ తినలే. తాళ్ళు తెగినయని చెప్పేటప్పుడు నాకే మాట రాక నడిమిట్ల ఆపిన. నువ్వేమో అంతా ముందుగాల్నే చదువుకొని వచ్చి, మాకు యాక్షన్ చేసి చూపెట్టినవ్. ఇన్ని ఆదివారాలు నా ముందట కూసొని యాక్షన్ చేస్తానవ్!"

"యాక్షన్ కాదు."

"మరేంది?"

కింద దుకాణంలో ఎవరో బిందె కొనడానికి వేలితో కొట్టి చూస్తున్నారు. ఆ మోత ఆగాక మల్లికార్జున్ అడిగాడు.

"ఆ వంతెన పేజీల ఏం రాసినవో నీకు గుర్తున్నదా?"

"శత్రువులు కొట్టే మూడో దెబ్బకు తాళ్ళు తెగుతాయి, మీదున్నవాళ్ళు బతకరు. అదే గదా."

"అది పైన. దాని కింద ఇంకా చానా రాసినవ్. ఆ తాళ్ళు పేనిన ముసలమ్మ ఎవరో రాసినవ్. పేనేటప్పుడు ఆమె ఏ పాట పాడేదో రాసినవ్. పొద్దుమీకి లోయల గాలి ఎట్ల మర్లుతదో రాసినవ్. నడిమిట్ల నిలవడితే కింద ఏరు సన్నగ, దువ్విన పాపిట లెక్క కనవడతదని రాసినవ్. అట్ల కనవడాల్నంటే నడిమిట్ల నిలవడాలె. ఉరికేటోనికి కనవడదు. ఆఖర్ల ఒక లైన్ పెట్టినవ్."

లావణ్యకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

"'ఎవ్వరూ ఆగరులే. అందరూ ఉరుకుతారు. ఇంత రాసింది వృథా.' అట్ల రాసినవ్. అది చదివినంక నాకు పానం నిలువలే. ఒక్కడన్నా ఆగాలె అనుకున్న."

ఆమె తన చున్నీ చివర ఊడిన పోగును వేలికి చుట్టుకుంది. కోపం ఎక్కడికీ పోలేదు. కానీ దాని కింద నుంచి ఇంకేదో ఊరుతోంది. తను రాసింది ఒక మనిషి అన్నం తిన్నాక రిలే రూములో కూర్చుని, మాట మాటా మనసులో పెట్టుకుని చదివాడన్నది ఆమెకు కొత్త సంగతి. ఇంట్లో ఎవరూ అడగరు. ఆటలో వాళ్ళకు కథ ముందుకు పోతే చాలు. ముసలమ్మ పాట సంగతి ఎవరికీ తెలిసే అవకాశమే లేదు.

"అంటే నా మీద జాలిపడి రేవులయ్యను చంపుకున్నవా?" అంది. మాట పెళుసుగానే వచ్చింది.

"జాలి కాదు. నేను పోవాలె గదా బయటికి." అతను తలెత్తి చూశాడు. "తెలిసినోడు ఆడితే అది దొంగాట. వంశీ అడుగుతడు, మల్లన్నా ఎడమకు పోదామా, కుడికి పోదామా అని. ఎడమకు ఏమున్నదో నాకు ఎర్క. నాలిక కొరుక్కొని, నీ ఇష్టం తమ్మీ అంటి. ప్రతి వారం గదే పరేషాన్. రేవులయ్య పోతే నేను గూడ మెల్లగ పక్కకు జరగొచ్చు అనుకున్న. ఎట్లాగూ పోతాండు, మంచిగ పోనీ అనుకున్న."

"అది ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్తే నువ్వు అల్లికను బంద్ చేస్తవని భయమైంది. కరీంనగర్ పిల్లలు మొదటిసారి అల్లిక కావాల్నని అడిగిన దినం నువ్వు డాబా మీదికెక్కి నాకు ఫోన్ చేసినవ్. గాలికి సగం మాటలు ఇనవడలే. అయినా నువ్వు నవ్వుడు ఇనవడ్డది. దాన్ని పాడు చెయ్యబుద్ధి కాలే." లాప్‌టాప్ తెర వైపు చూపించాడు. "కానీ తప్పు తప్పే. మా కాడ సిగ్నల్ పాడైతే ఎర్రే పడాలె. తీగ తెగినా, కరెంటు పోయినా ఎర్రే. నీ అల్లిక పాడైతే పచ్చ పడ్డది. అది చూసి కూడ నేను చెప్పలే. ఇంకెన్ని ఊర్లల్ల పచ్చ పడ్డదో ఆలోచన చెయ్యలే. నువ్వేమన్నా పడత."

ఇంకెన్ని ఊర్లల్ల. ఆ మాట దగ్గర లావణ్య చేతివేళ్ళు పోగును వదిలేశాయి. మంగళవారం నుంచి ఆమె తన ఏడుకోనల గురించీ, తన రేవులయ్య గురించీ, ఎదురుగా ఉన్న ఈ మనిషి గురించే ఆలోచించింది. మిగతా బృందాల తాళాలు కూడా ఇన్నాళ్ళూ ఇలాగే ఊడి ఉన్నాయన్నది తెలిసీ, బాగుచేశాను కదా అని పక్కకు నెట్టేసింది.

మెట్ల మీద చప్పుడైంది. వంశీ, అతని వెనక నర్సంపేట బస్సు దిగి వచ్చిన శ్రీలత. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమైందక్కా? కింద దాక ఇనవడతాంది లొల్లి" అన్నాడు వంశీ.

దాచిపెట్టే ఓపిక లావణ్యకు లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ మల్లికార్జున్ గోడకు ఆనుకుని, తీర్పు వినే మనిషిలా కూర్చున్నాడు.

విన్నాక వంశీకి ముందు తట్టింది వేరే సంగతి. "అంటే మల్లన్నకు అన్నీ ఎర్కనా? ఆటల ఇనుప దొరసాని ముసుగు ఎనక ఎవలున్నరో గూడ ఎర్కనా?"

"ఎర్కే" అన్నాడు మల్లికార్జున్.

"చెప్పకు! నీకు దండం పెడత, చెప్పకు!" వంశీ రెండు చెవులూ మూసుకున్నాడు. మూసుకుని, ఒక చెవి కొంచెం తెరిచి, "ఆడమనిషేనా?" అన్నాడు.

శ్రీలత మాత్రం నవ్వలేదు. మల్లికార్జున్ ఎదురుగా వచ్చి కూర్చుంది. "నాకు మస్తు కోపం వస్తాంది నీ మీద. వారమంతా రేవులయ్య గురించే ఆలోచన చేసిన. జర పక్కకు దుంకితే బతుకుతుండె గదా అనుకున్న. నీకు తెల్వక ఆగినవనుకున్న."

"తెలిసే ఆగిన."

"కిందపడతవని తెలిసే మమ్మల్ని దాటిపిచ్చినవా?"

అతను తలూపాడు. ఆమె కళ్ళజోడు తీసింది. చున్నీ అంచు వెతుక్కుని మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. "పో, ఇదింకా పాడుగున్నది. పోయినారం కన్న ఎక్కువ ఏడుపొస్తాంది" అంది. ఆ మాటకు వంశీ ఫక్కున నవ్వాడు. వాడిని చూసి లావణ్యకు, లావణ్యను చూసి మల్లికార్జున్‌కు నవ్వొచ్చింది.

నవ్వు తగ్గాక లావణ్య లాప్‌టాప్ ముందు కూర్చుంది. "వేరే బ్యాచ్‌లోళ్ళందరికీ చెప్పాలె. ఇప్పుడే."

"ఎందుకక్కా?" అన్నాడు వంశీ. "బాగు చేసినవ్ గదా. ఇగ ఎవలకు తెలుస్తది? దసరా ముంగట ఇదంతా చెప్తే, అల్లికకు తాళాలే లేవంటరు. ఒక్కడు గూడ రాడు."

"వాళ్ళల్ల గూడ ఒక మల్లికార్జున్ ఉంటడు" అంది శ్రీలత. "నాలిక కొరుక్కుంట కూసొని ఉంటడు. వాన్ని గట్లనే ఉండనిద్దామా?"

లావణ్య మల్లికార్జున్ వైపు చూసింది.

"నువ్వు వానాకాలం నుంచి చెప్పలే. నేను మంగళవారం నుంచి చెప్పలే. దినాలల్ల ఫరక్ అంతే" అంది. "ఇగ నేను నిన్నేమనాలె?"

ఆమె రాసింది చిన్న మెసేజే. అల్లికలో తాళం పేజీలు కొన్ని ఆటగాళ్ళకు కనపడి ఉండొచ్చు. తప్పు నాది. ఇప్పుడు సరిచేశాను. ఇన్ని రోజులు చెప్పనందుకు క్షమించండి. ఎవరికైనా కనపడి ఉంటే వాళ్ళను తిట్టకండి. ఎక్కువ ఇష్టంగా రాసుకున్నవాళ్ళకే ఇది జరిగింది. చివరి వాక్యం రాసి, చెరిపి, మళ్ళీ రాసింది. పంపే మీట మీద వేలు పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నొక్కేసింది. రెండేళ్ళ కష్టం ఆ నొక్కుతో పోతుందేమో ఆమెకు తెలియదు. అయినా మంగళవారం నుంచి ఛాతీ మీద కూర్చున్న బరువు దిగినట్టయింది. ఒక సీతాఫలం తీసుకుని విప్పింది. అది బాగా మాగి, చేతిలోనే విచ్చుకుంది.

అప్పుడే వీరభద్రం పైకి వచ్చాడు. చేతిలో పెద్ద స్టీలు పళ్ళెం, దాని నిండా వేడి సర్వపిండి.

"పోయినారం ఎవలో సచ్చిపోయిండట గదా ఈడ. మీ అమ్మ చేసి పంపింది. తినుండ్లి." పళ్ళెం దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. "ఆ పడవ ముసలోడు మంచోడుండె. గిరాకి లేనప్పుడు గల్లా కాడ కూసొని ఆయన మాటలే ఇంటాంటి. ఊకె ఎందుకు సంపిండ్లో ఏమో."

"నేనే సచ్చిన కాకా, ఎవలు సంపలే" అన్నాడు మల్లికార్జున్.

"గట్లనా? మరిగ నువ్వు ఎవలవైతవ్?"

మల్లికార్జున్ సర్వపిండి ముక్క తుంపబోయి ఆగాడు. "ఇగ నేను ఆడ కాకా. ఊకె వచ్చి పోత. చూసి పోత."

వంశీ అక్క వైపు చూశాడు. లావణ్య చేతులు తుడుచుకుని, తన పక్కన గోడ వారనున్న కుక్కర్ల అట్టపెట్టెను కాలితో అవతలికి నెట్టింది. ఒక మనిషి కూర్చునేంత చోటు అయ్యింది.

"ఆడడు బాపూ. నడుపుతడు. తెలిసినోడు ఆ దిక్కు కూసుంటేనే దొంగాట. ఈ దిక్కు కూసుంటే కాదు." మల్లికార్జున్‌కేసి చూడకుండానే అంది. "ఇటు రా."

వీరభద్రం కూతురిని ఒకసారి, ఆ ఖాళీ చోటును ఒకసారి చూశాడు. "సల్లారిపోతది, తినుండ్లి" అని మెట్లు దిగిపోయాడు. కానీ దిగేటప్పుడు ఎప్పుడూ లేనంత మెల్లగా దిగాడు.

మల్లికార్జున్ లేచి జంపఖానా ఈ అంచు నుంచి ఆ అంచుకు వచ్చాడు. పది అడుగులు కూడా లేవు. అయినా ఏరు దాటినవాడిలా కొత్తగా చూశాడు గదిని. ఇన్నాళ్ళూ లాప్‌టాప్ వెనక అట్టనే చూసిన మనిషికి ఇప్పుడు తెర కనపడుతోంది. ఎదురుగా శ్రీలత, వంశీ ఏమీ తెలియని అమాయకుల్లా, సర్వపిండి నములుతూ కూర్చున్నారు.

లావణ్య అల్లికలో అతని పేరు పక్కన ఉన్న 'ఆటగాడు' అన్న మాటను తీసేసి, తన పేరు పక్కన ఉన్న మాటే పెట్టింది. తాళాలన్నీ ఈసారి సక్రమంగా తెరుచుకున్నాయి.

"ముసలమ్మ పాట ఉన్నది గదా. అది నువ్వు చెప్పు" అంది చిన్నగా.

"నేనా?"

"నాకన్న నీకే మంచిగ వచ్చు. నేను రాసి మర్చిపోయిన."

అతను గొంతు సవరించుకున్నాడు. ఏడుకోనల్లో పొద్దు వాలిందని, లోయలో గాలి మర్లిందని, తెగిన తాళ్ళను చూడటానికి ఊరి నుంచి ఒక ముసలమ్మ కర్ర ఊతంతో వచ్చిందని చెప్పసాగాడు. మొదట మాటలు తడబడ్డాయి. కాసేపటికి కుదురుకున్నాయి. ఆమె కొస తాడును ఒళ్ళో పెట్టుకుని, తను పేనిందేనని గుర్తుపట్టి, దానికి కొత్త నార కలుపుతూ పాడటం మొదలుపెట్టిందని చెప్పాడు. వంశీ నమలడం ఆపేశాడు. "నేను ఆ అమ్మ కాడికి పోయి కూసుంట. నార అందిస్త" అంది శ్రీలత, తన వైద్యురాలి గొంతుతో. పాచిక వేయాల్సిన అవసరమే లేదని లావణ్య చెయ్యి ఊపింది. నడపడానికి ఇంకొకరుంటే తాను కూడా కథ వినొచ్చన్నది రెండేళ్ళలో ఆమెకు ఆ రోజే తెలిసింది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని వింది.

ఫోన్ టింగుమంది. ఆమె పంపిన మెసేజ్‌కు జవాబులు మొదలయ్యాయి. తీసి చూసింది.

మొదటిది ఖమ్మం నుంచి. "మావాడికి కూడా కనపడిందట మేడం. నిధులు ఎక్కడున్నాయో తెలిసి నెలరోజులుగా తవ్వుకుంటూనే ఉన్నాడు. లక్ బాగుందనుకున్నాం. ఇవాళ పట్టుకున్నాం దొంగను." కింద నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి. లావణ్యకు ఊపిరి ఆడింది. రెండోది సిద్దిపేట నుంచి. చెప్పినందుకు థాంక్స్, దసరాకు ఇంకో బృందాన్ని కూడా తీసుకొస్తామని. ఆమె ఆ మెసేజ్‌ను మల్లికార్జున్‌కు చూపించింది. అతను కథ ఆపకుండానే చదివి, ముసలమ్మ నోట ఒక నవ్వు పెట్టాడు.

మూడోది కరీంనగర్ నుంచి. కావ్య అని డిగ్రీ చదివే అమ్మాయి. అక్కడి బృందానికి కథ నడిపేది ఆమే. లావణ్య చిరునవ్వుతోనే తెరిచింది.

"అక్కా, మీ మెసేజ్ ఇప్పుడే చూసిన. మా తాళం పేజీలల్ల నేను రాసింది ఆట కాదు. మా ఇంట్ల నిజంగ జరిగింది. ఎవ్వలకు చెప్పుకోలేక, పేర్లు మార్చి అండ్ల రాసుకున్న. అవి మావోళ్ళల్ల ఎవలు తెరిచిండ్లో మీకు కనవడతదా?"

లావణ్య నిటారుగా కూర్చుంది. మల్లికార్జున్ మాట మధ్యలో ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఏం రాయాలో తోచక ఆమె వేలు ఫోన్ మీద ఆడుతుండగానే, కింద ఇంకో వరస వచ్చిపడింది.

"జర జల్ది చెప్పు అక్కా. నేను రాసింది ఎవరి గురించో, ఆ మనిషి ఇప్పుడు నా ముందట్నే కూసొని ఆడుతుండు. నన్నే చూస్తుండు."